ప్లగ్గుకు పెట్టిన బొట్టు

ఆ ఏడు దసరాకు మా ఇంట్లో ఆయుధపూజ గోడకున్న ప్లగ్గుకు జరిగింది. బుక్ చేసిన కరెంటు స్కూటర్ ఇంకా రాలేదు. దానికి ఛార్జింగ్ పెట్టడానికి వరండాలో బిగించిన ప్లగ్గు మాత్రం ఉంది. దానికే పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కింద నిమ్మకాయ ఉంచి కొబ్బరికాయ కొట్టాను. చక్రమే లేనిచోట ఆ నిమ్మకాయ దేనికింద నలగాలో ఆలోచించలేదు. పైగా కొబ్బరి ముక్కలు వీధంతా పంచాను.

పక్కింటి పెద్దాయన ముక్క నములుతూ, "ఏంటబ్బాయ్, బండేదీ?" అన్నాడు.

"తయారవుతోందండి బాబాయిగారూ."

"అయితే నన్నోసారి తెనాలి స్టేషన్ దాకా దింపు. ప్లగ్గు మీదే కూర్చుంటాలే."

వీధి నవ్వింది. వీళ్ళకు కొత్తదనం అర్థం కాదనుకున్నాను.

నాకు అర్థమైన కొత్తదనమల్లా ఫోన్లో ఒక బొమ్మ. ఫొటో కాదు, గీసిన బొమ్మ. అందులో స్కూటర్ ఏదో కొండ మీద, మబ్బుల మధ్య నిలబడి ఉంది. అక్కణ్ణుంచి మా వీధికి ఎలా దిగుతుందో అడగాలని నాకు తోచలేదు. ఏ రంగు తీసుకోవాలన్నదే నా బెంగ. సిద్ధాంతిగారు నీలం పనికిరాదంటే ఎరుపు నొక్కి డబ్బు కట్టాను. అమ్మేవాళ్ళ దగ్గర బండి లేదు, కొనేవాడి దగ్గర బుద్ధి లేదు. బేరం చక్కగా కుదిరింది.

పోయింది నా డబ్బొక్కటే అయితే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు. ఇంట్లో అప్పటికే ఒక పాత స్కూటీ ఉంది. అది నా భార్యది. ఆమె బాపట్ల వైపు మగ్గాల వాళ్ళ దగ్గర చీరలు తెచ్చి, తెనాలిలో ఇల్లిల్లూ తిరిగి వాయిదాల మీద అమ్మేది. చీరల మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని బయల్దేరితే మధ్యాహ్నానికి నాలుగు పేటలు తిరిగి వచ్చేది. కొత్తది వచ్చేలోపు పాతదాని ధర పడిపోతుందని ఎవడో వీడియోలో చెప్పాడు. రేపల్లెలో ఒక టైలరు కావాలంటే అమ్మేశాను. ఆమెను అడగలేదు, చెప్పాను.

"కొత్తది వచ్చాక అమ్మొచ్చుగా?" అంది.

"నీకు తెలీదులే," అన్నాను.

బుక్ చేసుకున్నవాళ్ళందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉండేది. బండి వచ్చే తేదీ వెనక్కి జరిగేకొద్దీ అక్కడ భక్తి పెరిగింది. విడిభాగాలు దొరకలేదంటే అయ్యో పాపమన్నారు. వానలంటే నిజమే కదా అన్నారు. తిండి తింటున్న మనుషులేనా వీళ్ళు అని ఇప్పుడు అసహ్యించుకోవడం తేలికే. కానీ ఒకాయన, "అసలు ఫ్యాక్టరీ ఎక్కడుందండి?" అని అడిగితే, "నమ్మకం లేనివాళ్ళు బయటికి పోవచ్చు," అని రాసిన వెధవను నేనే.

ఆమె మూట భుజానేసుకుని షేర్ ఆటోలెక్కింది. మూటకు వేరే ఛార్జీ. దూరపు పేటలు ఒక్కొక్కటే మానేసింది. ఆ వ్యాపారంలో వారం వారం గుమ్మం తొక్కాలి. వాయిదా తీసుకునేటప్పుడే ఇంకో చీర విప్పి చూపించాలి. ఆమె వెళ్ళని గుమ్మాలకు ఇంకొకావిడ బండి మీద వెళ్ళడం మొదలుపెట్టింది.

చివరికి సిగ్గు చంపుకుని రేపల్లె రైలెక్కాను. స్కూటీ టైలరు కొట్టు ముందే ఉంది. సీటుకు కొత్త కవరు కుట్టి తొడిగాడు. కాస్త ఎక్కువిస్తాను, తిరిగి ఇవ్వమన్నాను.

ఆయన మిషన్ ఆపకుండానే, "మీ కొత్త బండి రాలేదా అన్నా?" అన్నాడు.

"ఇంకా లేదండి."

"ఆ రోజు తాళం ఇస్తూ, ఇట్టాంటి డబ్బా బళ్ళకు రోజులు చెల్లిపోయాయన్నారుగా?"

"అన్నానండి."

"డబ్బా బాగానే నడుస్తోందన్నా. మా ఆవిడ కుట్టిన బట్టలు దీని మీదే ఇచ్చొస్తుంది. అమ్మనులే. టీ తాగెళ్ళండి."

టీ కూడా తాగి వచ్చాను. నాలో మిగిలిన సిగ్గు అంతే.

ఇంటికొచ్చేసరికి ఆమె వరండాలో చీరలు రెండు కుప్పలు చేస్తోంది. పెద్ద కుప్ప చూపించి, "ఇవి బాపట్ల తిరిగిచ్చేస్తున్నా. నడిచి తిరిగే వీధులకు ఆ కాసినీ చాలు," అంది.

ఫోన్ తీశాను. కంపెనీ నుంచి కబురు ఉంది. స్కూటర్ ఇంకా ఆలస్యమవుతుందట. ఈలోగా కారు తయారుచేయాలనుకుంటున్నారట. పాతవాళ్ళకు ముందు వరుసలో చోటట, కింద నొక్కి బుక్ చేసుకుంటే చాలట. పైకే చదివినట్టున్నాను.

"నొక్కండి," అంది చీర మడత పెడుతూ. "ఈసారి ఏం అమ్ముతారు?"

నొక్కలేదు. అది నా గొప్పేమీ కాదు. ఇంట్లో అమ్మడానికి కనిపిస్తున్నవి ఆ రెండు కుప్పలే. అవి నావి కావు. స్కూటీ కూడా నాది కాదని ఆలోచన రావడానికి అన్ని రోజులు పట్టింది. చిన్న కుప్ప మూటకట్టి నా భుజానికెత్తుకుని, "ముందు ఏ వీధికి?" అని అడిగాను.

ఆమె నా వైపు చూడలేదు.

"ముందు ఆ ప్లగ్గు మీద బొట్టు తుడవండి," అంది. "చీరలు చూడ్డానికొచ్చినవాళ్ళు ఏంటని అడుగుతున్నారు."