ఎజ్రా పోసిన నీళ్లు

శ్రీకాకుళంలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో కూచునే ఎజ్రా, ఒకప్పుడు కార్గిల్‌లో పోరాడి వచ్చిన జవాను. ఆ యుద్ధం మీద జీవితంలో ఒకే ఒక్క కవిత రాశాడు. కొండ మీద దెబ్బ తిని పడివున్న కుర్రాడొకడు నీళ్లడుగుతాడు. ఇతను తన బాటిల్ మూత తీసి ఆ గొంతు తడుపుతాడు. కుర్రాడు కన్ను మూస్తాడు. అంతే కవిత.

2016లో ఆగస్టు పదిహేనున ఊరి బడిలో అది చదవమన్నారు. హెడ్మాస్టరు నరసింగరావు ముందుగా చూసి పట్టుబట్టాడు.

"ఆడు మనోడా, అవతలోడా? మనోడని రాసెయ్. సప్పట్లు కొడతారు."

"కొట్టకపోతే మానీమనండి మాస్టారూ. నాను రాయను," అన్నాడు ఎజ్రా విసురుగా.

అన్నట్టే చప్పట్లు పడలేదు. జనం లేచిపోయాక కుమారి దగ్గరికొచ్చింది. ఆమె కొడుకు అదే యుద్ధంలో పోయాడు. పోయేవాళ్ల నోట్లో తులసినీళ్లు పోసే ఇల్లు వాళ్లది. తన బిడ్డకి ఆ చుక్కయినా దక్కలేదని ఆమె ఇన్నేళ్లూ కుమిలిపోతూనే ఉంది.

"ఆడు ఎవులో నాకు సెప్పకు బాబూ," అంది ఎజ్రా చేతులు పట్టుకుని. "అంత గోలలోనూ నీళ్లు పోసినోడు ఒకడున్నాడు గదా. మా పిల్లడికీ ఎవులో ఒకలు పోసే ఉంటారు."

ఆ కుర్రాడిది అవతలి సైన్యమని ఎజ్రా ఒక్కడికే తెలుసు. ఆ మాట రాయనివ్వనందుకు ప్రభువుకి మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాడు.

"పోసే ఉంటారమ్మా," అన్నాడు.