కారు దిగుతోందా?

గనిలో పనిచేసి రిటైరైన మా వారు గోదావరిఖనిలోని మా ఇంటి ముందు పాత కారుకు హైడ్రాలిక్ జాకీ పెట్టి, చక్రం విప్పి, కింద దూరారు. నేను గడపలో కూర్చున్నాను. కారుకూ ఆయన ఛాతీకీ మధ్య సందు తగ్గినట్టనిపించింది. పొద్దున బీపీ గోళీ వేసుకోలేదు, అందుకేమోనని కళ్లు నులుముకున్నాను.

"ఇగో, కారు దిగుతున్నట్టున్నది."

"నీకే కండ్లు తిరుగుతున్నయ్. లోపలికి పో."

మళ్లీ చూస్తే కారు ఆయన చొక్కాకు ఆనుతోంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే రెండు కాళ్లూ పట్టి లాగాను.

"ఏందే, గిట్ల గుంజుతున్నవ్!" అని అరుస్తూ ఆయన బయటికొచ్చారో లేదో, కారు ధబ్బున కూలబడింది. కారును ఎత్తిపట్టే ఆయిలంతా జాకీ నుంచి కారిపోయి ఉంది.

ఇప్పుడాయన జాకీని పరీక్షించి, కారు కింద స్టాండ్లు పెట్టాకే పని మొదలుపెడతారు. మొదటిసారి అనుమానం రాగానే నేనెందుకు లాగలేదో మాత్రం నాకిప్పటికీ అర్థం కాదు.