చింపొద్దన్న పంచె

పాత బట్టలు కొనడానికి విమానం ఎక్కుతున్నామని చెప్పగానే మా అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మన ఈదిలోకి పాత బట్టలకి స్టీలు సామాను ఇచ్చేవోలు రోజూ వస్తారు కదే! మూట ఇస్తే గిన్నె ఇస్తారు. మీరు ఇమానమెక్కి ఎల్లి, ఎదురు డబ్బులిచ్చి, ఎవరో కట్టి ఇడిసిన పాతలు కొంటారేటి?"

"మీరు ఊరుకోండి, మీకేటి తెలుసు" అంది వదిన. ఆవిడ అప్పటికే సూట్‌కేసులో జంతికలూ ఆవకాయా సర్దేసింది.

శ్రీకాకుళంలో మాది బట్టల కొట్టు. నేను పెళ్లయి విజయనగరం వచ్చేశాను. కొట్టు అన్నయ్యా వదినా చూసుకుంటారు. నాకేమో పాత చీరలతో బొంతలూ సంచులూ కుట్టే పిచ్చి. ఓ రోజు ఫేస్‌బుక్‌లో క్యోటో అనే ఊరిలో పాత గుడ్డలతో చేసే పని మూడు రోజులు నేర్పుతామని ఒక ప్రకటన కనబడింది. అదే వారంలో అక్కడో గుడి ఆవరణలో పాత బట్టల సంతట. జపాన్! ఎన్నాళ్లుగానో చీటీ కట్టి దాచుకున్న డబ్బు నా దగ్గరుంది. వదినకి ఫోన్ చేస్తే "నానొస్తాను" అంది, ఎక్కడికి అని అడగకుండానే.

ఇంటి నుంచి ఒక పాత గుడ్డ, కథ ఉన్నది, తెచ్చుకోమని ఆ ప్రకటనలో రాశారు. పైన నీలిమందు తొట్టెల ఫొటో ఉంది. ఓహో, రంగులో ముంచడం నేర్పుతారన్నమాట అనుకున్నాను. బొమ్మ చూశాక కింద రాసింది చదవడం మా ఇంటా వంటా లేదు.

ఆ సంగతి అమ్మకి చెప్పాను. ఆవిడ లేచి తన ట్రంకు పెట్టె తెరిచి, చీరల అడుగు నుంచి ఒక పంచె తీసింది. నాన్నది, పొందూరు ఖద్దరు. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచడం మాలో లేదు, దినాల్లోనే ఇచ్చేస్తారు. ఆరేళ్లుగా ఈవిడ దీన్ని దాచిందని కొడుక్కి తెలీదు, కోడలికి తెలీదు.

"రంగేసుకో, కుట్టుకో, నీ ఇష్టం. గానీ సింపకే. మీ నాన్న సేత్తో సింపిన గుడ్డంతా ఊరోల్ల ఇల్లకి ఎల్లిపోయినాది. ఇదొక్కటీ నిండుగా ఉండాల. నా సేతిలో సెయ్యెయ్యి."

వేశాను. రంగులో ముంచే గుడ్డని ఎవరు చింపుతారు?

అమ్మ ఆ మాట ఎందుకందో మా ఇల్లు తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. నాన్న గుడ్డ కొలిచి, కత్తెరతో అంగుళం గాటు పెట్టి, కత్తెర పక్కన పడేసి, రెండు చేతులతో పర్ర్‌మని చింపేవాడు. "కత్తెర వంకర పోతాది గానీ పోగు పోదు" అనేవాడు. వంటింట్లో అమ్మకి ఆ చప్పుడు చాలు. "పాప్లిన్" అనేది. "ఇది లుంగీ గుడ్డ" అనేది. ఎప్పుడూ తప్పలేదు. చప్పుడు ఆగి కాసేపయితే "బేరాలు అయిపోనాయి, ఇంక అన్నానికొస్తారు" అని పీట వాల్చి కంచం పెట్టేది. సరిగ్గా అప్పుడే నాన్న చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చేవాడు. నాన్న పోయాక అన్నయ్య కొట్టంతా రెడీమేడ్ చేసేశాడు. ఇప్పుడు అక్కడ హేంగర్లు తప్ప చప్పుళ్లు లేవు.

విశాఖలో విమానం ఎక్కి, కౌలాలంపూర్‌లో మారి, దిగాక రైలెక్కి మర్నాటికి క్యోటోలో పడ్డాం. ఆ గుడి ఆవరణ చూశాక ఇద్దరికీ మతి పోయింది. నేల మీద పరదాలు, వాటి మీద కిమోనోలంటారే, ఆ పట్టు గౌన్ల గుట్టలు, నడుముకి చుట్టుకునే జరీ పట్టీలు, నీలం రంగు మాసికల దుప్పట్లు! ఓలమ్మో, మాసిక మీద మాసిక వేసిన దుప్పటికి అద్దాల పెట్టెలో పెట్టినంత మర్యాద. మా అమ్మమ్మ బొంతలు ఇక్కడికి తెచ్చి ఉంటే ఆవిడకి గజమాల వేసేవారు. వదినయితే పైట దోపి గుట్టలో మోచేతుల దాకా దిగిపోయింది.

అక్కడే మా కోమటి బుద్ధి బయటపడింది. వదినకి ఒక ఊదారంగు గౌను నచ్చింది. అమ్మే ముసలామె పట్టు అంది. వదిన నమ్ముతుందా? అంచు నుంచి ఒక పోగు లాగి, గదిలో దేవుడికి దీపం పెట్టుకోడానికి అక్కడే కొన్న లైటరు తీసి టక్కున అంటించింది. పట్టయితే వెంట్రుకలు కాలిన కంపు రావాలి, మా కొట్లో లెక్క అది. ముసలామె కెవ్వుమంది. పక్క దుకాణంవాడు నీళ్ల సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నేను చేతులు జోడించి వంగి వంగి దణ్ణాలు పెడుతున్నాను. వదిన మాత్రం కాలిన పోగు ముసలామె ముక్కు దగ్గర పెట్టి, "సూడు, పట్టే! నువ్వు సెప్పింది నిజమే!" అంది శ్రీకాకుళం తెలుగులో, మెచ్చుకుంటూ. ముసలామె వాసన చూసింది. మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూసింది. చూసి చూసి ఫక్కుమని నవ్వేసింది. ఆ గౌను కొన్నందుకు ఒక జేబురుమాలు ఊరికే ఇచ్చింది కూడా.

అంత సంబరంలో మర్నాడు పని నేర్చుకోడానికి వెళ్లాం. చెక్క ఇల్లు, వరసగా మగ్గాలు. నేర్పే ఆవిడ నా వయసుదే, నెమ్మదిగా ఇంగ్లీషు మాట్లాడుతుంది. పూర్వం చలి ప్రాంతాల్లో వాళ్లకి నూలు దొరికేది కాదట. అందుకని పాతబడ్డ గుడ్డని పేలికలుగా చింపి, ఆ పేలికలనే దారానికి బదులు అడ్డంగా, పేకగా వేసి మళ్లీ నేసుకునేవారట. మనం నేర్చుకోబోయేది అదే అంది. మరి నీలిమందు తొట్టెల సంగతి? అవి పక్కింటివాళ్లవట.

చింపాలి! అమ్మ చేతిలో చెయ్యేసి వచ్చాను కదా.

"ఓలమ్మ! అత్తయ్యకేటి సెప్తాం?" అంది వదిన. "నిన్న కొన్న నా గౌను సింపీ. పోతే పోయినాది."

నిజమే, ఇంకో గుడ్డ తీసుకోవచ్చు. నేర్పే ఆవిడా అదే అంది. పంచె మాత్రం ఒకసారి చూస్తానంటే విప్పాను. విప్పుతుంటేనే మడత దగ్గర ఇంత పొడుగున విడిపోయింది. రెండో మడత విప్పితే అక్కడా అంతే. పెట్టెలో ఆరేళ్లు ఒకే మడత మీద ఉండి చివికిపోయింది. మడతకీ మడతకీ మధ్య మాత్రం గట్టిగానే ఉంది. దీన్ని ఏ రంగులో ముంచినా పీచు పీచవుతుంది. అలాగే దాచినా, ఇంకో రెండేళ్లకి అమ్మ చేతికి పొడి వస్తుంది. చింపితే మాట తప్పినదాన్నవుతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు. అక్కడే అమ్మకి వీడియో కాల్ చేశాను. మాకు సాయంత్రం కావస్తోంది, ఆవిడకి మధ్యాహ్నం. పంచె తెర ముందు పట్టి, విడిపోయిన మడతలు చూపించాను.

అమ్మ తెరకి కళ్లు దగ్గరగా పెట్టి రెండు మడతలూ చూసింది. తర్వాత అడిగింది.

"సింపకపోతే ఏటవుతాది?"

"పెట్లోనే పొడయిపోతాదమ్మా."

"సింపితే?"

"నేస్తాను. మళ్లీ గుడ్డవుతాది."

అమ్మ కళ్లజోడు తీసి పైటతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "అయితే నువ్వే సింపు. ఇంకెవరి సేతికీ ఇవ్వకు. కత్తెర గాటు వరకే. మీ నాన్న సింపినట్టు సింపు."

గాటు పెట్టి, కత్తెర పక్కన పడేసి, లాగాను. సర్ర్‌మని మెత్తగా చిరిగింది.

"ఇనపడలేదే! ఫోను దగ్గరెట్టు. గట్టిగా లాగు, మొహమాటమేటి?"

వదిన ఫోను పంచెకి ఆనించి పట్టుకుంది. ఈసారి నాన్న లాగే మోచేతులు బార్లా చాపి ఒక్క ఊపున లాగాను. పర్ర్! పోగు వెంట ఎక్కడా వంకర పోలేదు. మగ్గాల దగ్గరున్న వాళ్లంతా పని ఆపి చూశారు. తెరలో అమ్మ కళ్లు మూసుకుని ఉంది.

"పొందూరు" అంది.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంకో పేలిక, ఇంకో పేలిక. చేతులకి ఎక్కడ లేని హుషారు వచ్చేసింది. ఆ చప్పుడు నా చేతుల్లోంచే వస్తోందంటే నమ్మలేకపోయాను. వదిన కళ్లనీళ్లు కారుతుంటే భుజానికి తుడుచుకుంటోంది గానీ ఫోను కదపలేదు. అమ్మ అలా కళ్లు మూసుకునే వింటోంది.

ఆఖరి పేలిక చిరిగింది. పక్కన తెల్లగా చిన్న కుప్ప. చింపడానికి ఇంకేమీ మిగల్లేదు. అమ్మ ఇంకో చప్పుడు కోసం కాసేపు చెవి ఒగ్గి, కళ్లు తెరిచింది. మొహంలో ఎంత సంతోషమో!

"ఆగినాది. బేరాలు అయిపోనాయి" అని, ఫోను గట్టు మీద పెట్టి లేచింది. తెర నిండా మా వంటింటి కప్పు కనబడుతోంది. పీట వాల్చిన చప్పుడు వినబడింది.

"ఇంక అన్నానికొస్తారు."