తొలి ముక్క

కాదండీ, చాక్లెట్‌ను ఏ దేశపు కోకో గింజలతో చేశారో డబ్బా మీద అచ్చేస్తే సరిపోతుందా? బోధన్‌లో చక్కెర మిల్లు వచ్చిన కొత్తలో, నిజామాబాద్ స్టేషన్‌లో నా పక్కన రెంజల్ ఊరి అవ్వ ఒకామె కూర్చుంది. చేతిలో బెల్లం కలిపే పొడుగాటి గరిటె.

"సెరుకంత మిల్లుకే పాయె బిడ్డా. పొయ్యి ముట్టించేది లేదు, గీ గరిటెందుకని అమ్మవోతున్న. బెల్లం దించంగనే తొలి ముద్ద సెరుకు కొట్టినోల్లకే పెడ్తుంటిమి," అంది.

హైదరాబాద్‌లో కొన్న చాక్లెట్ ముక్క ఆమెకిచ్చి, దాని గింజలు సముద్రం అవతల పండుతాయని గొప్పలు పోయాను.

"గా గింజలు పండించినోల్లకు తొలి ముక్క పెడ్తరా?"

ప్రతిదానికీ కయ్యానికి దిగే నేను, చాక్లెట్ డబ్బా మీది రాతలు వెతికాను. అవ్వ ముక్కను నా చేతిలోనే పెట్టి, గరిటెతో లేచి వెళ్లిపోయింది.

చెప్పండి, దాన్ని మీరైతే తినేవారా?