చేతులు చూపించమనే టీచర్

మంగళవారం పొద్దున్న టెక్కలిలో ఆఫీసుకి బయలుదేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "ఒలే పాపా, మన టీచరమ్మ పోనారే" అంది. తర్వాత ఫోన్ పట్టుకునే ఏడ్చింది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా నాకు చదువు చెప్పింది ఆవిడే. అమ్మకి ఒక్క అక్షరమూ నేర్పలేదు. అయినా నాకంటే ముందు అమ్మే ఏడ్చింది.

పూండి దాటాక, తోటల మధ్య మా బడి. రెండు గదులు, ఒక వరండా. ప్రార్థనకి ముందు టీచర్ మా వరస వెంట నడుస్తూ చేతులు చూసేవారు. చాచగానే అరచేతులు చూసి "తిప్పమ్మా" అనేవారు. తిప్పితే వెనక వైపు చూసేవారు. అన్ని బళ్ళలోనూ గోళ్ళు చూస్తారు. ఈవిడ వేళ్ళ సందులు చూసేవారు. ఇంట్లో జీడిపిక్కలు కొట్టి వచ్చిన పిల్లలు ఎవరో అక్కడ తెలిసిపోతుంది. జీడి రసం తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది, రోజుల తరబడి పోదు. అలాంటి చేతులకి తన సంచిలోని కొబ్బరినూనె రాసి, వేళ్ళు మండకుండా సుద్దముక్కకి కాగితం చుట్టి ఇచ్చేవారు. ఒక్క మాట అడిగేవారు కాదు.

నాకేమో సిగ్గు, చేతులు వెనక్కి పెట్టుకునేదాన్ని. ఓసారి ఆ నలుపు పోవాలని ఇసకతో తోమేసుకున్నాను. నలుపు పోలేదు, తోలు మాత్రం లేచిపోయింది. టీచర్ నా చెయ్యి పట్టుకుని, "సేతులు దాసుకునేది దొంగలమ్మా. నువ్వు కష్టపడ్డావు, సూపించు" అన్నారు. విన్నాను గానీ బుర్రకెక్కలేదు.

నాలుగో తరగతిలో ఉండగా నాన్న మంచం పట్టాడు. అమ్మ ఇంకా ఎక్కువ పిక్కల బస్తాలు ఇంటికి తెప్పించుకుంది. నేను బడి మానేశాను. నాలుగో రోజు సాయంత్రం టీచర్ మా గుమ్మంలో నిలబడ్డారు. "దీనికి ఒంట్లో బాగోనేదమ్మా" అని అమ్మ అబద్ధమాడింది. అప్పటికి సుత్తి నా చేతిలోనే ఉంది!

టీచర్ వాదించలేదు. చెప్పులు విప్పి, వచ్చి నేల మీద కూర్చున్నారు. "ఈ బస్తా అయిపోతే రేపు పంపుతావా?"

"అయ్యో, మీరేటమ్మా ఇది! ముట్టుకోకండి, సెయ్యి కాలిపోద్ది."

"నీ కూతురు సెయ్యి కాలట్లేదేటి?"

అమ్మ లోపలికెళ్ళి ఇంకో సుత్తి తెచ్చి ఇచ్చింది. చీకటి పడేదాకా ముగ్గురం కొట్టాం. టీచర్ కొట్టిన పప్పు అంతా బద్దలే, ఒక్కటీ నిండుగా రాలేదు. ఆవిడ వెళ్ళాక అమ్మ ఆ బద్దలు ఏరుతూ గొణిగింది, గొణుగుతూనే కళ్ళు తుడుచుకుంది. మర్నాడు తనే నా జడ వేసి బడికి పంపింది.

ఆ పొద్దున్న టీచర్ వరస ముందు నిలబడి, "ఇవాళ నా సేతులు మీరు సూడండి" అని చాచారు. నల్లటి వేళ్ళు, బొటనవేలి మీద పొక్కు. తనే తిప్పి చూపించారు. పిల్లలెవరూ నవ్వలేదు. అప్పటినుంచి నేను చేతులు దాచుకోలేదు. ఇవాళ ఒక ఆఫీసులో కుర్చీ మీద కూర్చుంటున్నానంటే ఆ సాయంత్రం వల్లే.

రిటైరయ్యాక ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఆ జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. డయాలసిస్‌కి పలాస తీసుకెళ్ళేవారు. ఓసారి అక్కడికి వెళ్ళాను. నన్ను చూడగానే, సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన ఎడమ చెయ్యిని కొంగు కింద దాచేసుకున్నారు. గమనించాను. ఆవిడ మాట ఆవిడకే చెప్పాలని నోటిదాకా వచ్చింది. ధైర్యం చాలక వానల గురించి మాట్లాడి వచ్చేశాను.

తర్వాత వెళ్ళలేదు. ఆ చెయ్యి చూడలేక వెళ్ళలేదు, నిజం అదే. ఫోన్ చేసినప్పుడల్లా "ఆదివారం వస్తాను టీచర్" అనేదాన్ని. "నాకు అన్నీ ఆదివారాలేనమ్మా, ఎప్పుడైనా రా" అని నవ్వేవారు. గంట ప్రయాణం. మూడు ఆదివారాలు ఏవో సాకులతో గడిపేశాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆ మంగళవారం వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆవిడని వరండాలో పడుకోబెట్టి మెడ దాకా తెల్లదుప్పటి కప్పారు. అమ్మ నాకంటే ముందే వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను దుప్పటి అంచు కొంచెం తీసి, ఎడమ చెయ్యి బయటపెట్టాను. గట్టిగా, చల్లగా ఉంది. అందరూ చూస్తున్నారు. నాకు సిగ్గు వెయ్యలేదు.

తర్వాత లేచి, ఆవిడ ఎదురుగా నిలబడి నా రెండు చేతులూ చాచాను. "తిప్పమ్మా" అంటారేమోనని చూసి, నేనే తిప్పాను.