ఈసీజీ సమ్మక్క

భూపాలపల్లిలోని ఓ దవాఖానలో సమ్మక్క ఇరవై రెండేళ్లుగా ఈసీజీ తీస్తోంది. రోజూ కాటారం నుంచి బస్సులో వస్తుంది. మొన్న వానాకాలం నాట్లప్పుడు ఆమె భర్త లచ్చయ్య పొలంగట్టు మీద కూలబడితే, 108లో తెచ్చింది కూడా ఆ దవాఖానకే.

నాడి దొరకలేదు. "వేరేవాళ్లను పిలుస్త, నువ్వు బయట కూసో అక్కా," అన్నాడు డ్యూటీ డాక్టరు.

"నేనే తీస్త సార్."

ఛాతీ తుడిచింది, జెల్లీ రాసింది, క్లిప్పులు పెట్టింది. కాగితం మీద గీత తిన్నగా వచ్చింది. వైర్లు ఊడాయేమోనని చూసి మళ్లీ తీసింది. అదే గీత. పేరు, వయసు, టైం రాసి డాక్టరు చేతికిచ్చింది.

ఏడుపు రాలేదు. దినాలనాడు కూడా రాలేదు. "రాయి లెక్క కూసున్నది," అని ఆడబిడ్డ మంగమ్మ అందరి ముందే అన్నది. సమ్మక్కకు కోపమూ రాలేదు. నిద్ర పట్టేది కాదు, అంతే. పన్నెండో రోజు డ్యూటీకి వచ్చేసింది.

నెల తర్వాత నర్సింగు పిల్లలకు మిషను గురించి చెప్పమన్నారు. ఏటా చెప్పేదే చెప్పింది.

"నూట ఇరవై ఏండ్ల కింద ఈ మిషను రెండు గదులు నిండేది. నడపడానికి ఐదుగురు కావాలె. గీ క్లిప్పులు లెవ్వు. రెండు చేతులు, ఒక కాలు ఉప్పునీళ్ల బకీట్లల్ల పెట్టి కూసునేటోళ్లు. మిషను కదలదు, రోగి లేవలేడు. అందుకని దవాఖాన నుంచి మిషనున్న కాడికి మైలు దూరం టెలిఫోను వైరు గుంజి, గుండె కొట్టుడు దాని మీద పంపిన్రు. అంతకుముందు ఒక డాక్టరైతే తన కుక్క కాళ్లు ఉప్పునీళ్లల్ల పెట్టి చూపిచ్చిండు."

కుక్క అనగానే పిల్లలు నవ్వారు. ఏటా వాళ్లతో పాటు తనూ నవ్వేది.

"షాక్ కొట్టదా మేడం?" షారోన్ అనే అమ్మాయి అడిగింది.

"మిషను మనకు కరెంటు ఇయ్యదు బిడ్డా. గుండెల పుట్టే కరెంటునే అది చూస్తది."

"మరి గీత తిన్నగ వస్తే?"

"ముందు వైర్లు చూడాలె. మళ్ల తియ్యాలె. టైం రాయాలె." అదే గొంతుతో అంది. "మా ఆయనకు గట్లనే వచ్చింది. నేనే తీసిన."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. లోపల ఏమైనా అవుతుందేమోనని చూసుకుంది. ఏమీ కాలేదు. నీళ్లు తాగింది. షారోన్ లేచి వచ్చి వైర్లు చుట్టిపెట్టింది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.

"అక్కా, లే. కాటారం ఎప్పుడో దాటినం," అంటూ కండక్టరమ్మ భుజం తట్టింది. చూస్తే మహదేవపూర్. ఇన్ని రోజుల్లో సమ్మక్క కన్నంటుకోవడం ఇదే మొదలు. దిగి, మొహం కడుక్కుని, వెనక్కి పోయే బస్సు కోసం నిలబడింది.