అయస్కాంతాన్ని పక్కకి తిప్పితే

2023లో నేను ఆత్మకూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. ల్యాబ్‌లో నా మాటకు ఎదురు లేదు. ఇరవై ఏళ్ల అనుభవం, దానికి తగ్గ నోరు!

ఉదయగిరి నుంచి బస్సులో వచ్చే షాహీనా అనే ఫైనలియర్ అమ్మాయి నా దగ్గర గ్రాఫైట్ మీద ప్రాజెక్టు చేసేది. గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉంటుంది. అయస్కాంత క్షేత్రం ఆ పొరల గుండా పోతే లోపలి ఎలక్ట్రాన్ల దారి వంగి, కరెంటుకు అడ్డు పెరుగుతుంది. వెలుతురును తిప్పికొట్టేదీ ఆ ఎలక్ట్రాన్లే కాబట్టి రిఫ్లెక్షన్ కూడా కాస్త మారాలి. ఆ అడ్డును కొలవడానికి ఫోర్-ప్రోబ్ వాడాం. దాని నాలుగు సూదుల్లో రెండు కరెంటు పంపుతాయి, రెండు వోల్టేజీ చూపిస్తాయి.

అయస్కాంతం దగ్గరికి తేగానే వోల్టేజీ అంకె అమాంతం ఎగిరింది. నేను ఆగలేదు. స్టాఫ్‌రూమంతా చాటేసి, పోస్టర్ కూడా అచ్చు వేయించాను. నెల్లూరు సైన్స్ ప్రదర్శనలో ఎంపికైతే పెద్ద ల్యాబ్‌లో రెండు నెలల శిక్షణ దొరుకుతుంది. షాహీనా ప్రాణమంతా దానిమీదే ఉంది.

ప్రదర్శనకు ఇంకో మూడు రోజులుందనగా ఆమె ముఖం వేలాడేసుకొని వచ్చింది.

"సార్, అయస్కాంతం పక్కకి తిప్పినా అంకె అట్నే ఎగరతా ఉండాది. పొరల వెంబడి పెడితే మారకూడదు గదా?"

"పోస్టర్ అచ్చయినాక ఏందమ్మా ఈ గోల?" అని కసిరాను.

ఆమె కదల్లేదు. "సూదుల్ని ఒక్కసారి చూడండి సార్."

చూశాను. అయస్కాంతం రాగానే సూదులు అటు ఒరుగుతున్నాయి, ఆ కదలికకే అంకె ఎగురుతోంది. అసలు సూదులు విరిగితే, డ్రాయరులో దొరికిన ఇనప సూదులు బిగించింది నేనే. చేతికందిందాంతో పని నడిపేయడం మా ల్యాబ్ అలవాటు. సిగ్గుతో చచ్చిపోయాను.

షాహీనా వాళ్లమ్మ ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కుతుంది. మర్నాడు ఆ చేతులు చెక్కిన చిన్న బిగింపు వచ్చింది, అయస్కాంతానికి లొంగని నాలుగు రాగి తీగలకు నాలుగు గాడులతో. ఈసారి పొరల గుండా పెడితే అంకె కొంచెమే పెరిగింది. పొరల వెంబడి పెడితే దాదాపు కదల్లేదు. రిఫ్లెక్షన్లో మార్పేమీ మా లైట్ మీటరుకు అందలేదు.

పోస్టర్ చించేసి, కొత్త అంకెలతో ఇంకోటి వేయించాను.

నెల్లూరులో జడ్జి అడిగాడు, "రిఫ్లెక్షన్ మారలేదా?"

"మా మీటరుకు అందలేదు సార్. మారలేదని మాత్రం చెప్పను" అంది షాహీనా.

"మొదటి అంకె తప్పని ఎవరు కనిపెట్టారు?"

షాహీనా నావైపు చూసి, "సారూ, నేనూ కలిసి..." అని నసిగింది.

"కాదండీ, ఆ పిల్లే" అన్నాను. "తప్పు చేసినోణ్ణి నేను."

శిక్షణకు ఆమె పేరే వచ్చింది. చాలా సంతోషించాను. చెక్క బిగింపు నాకిచ్చి వెళ్లింది. ఇప్పటికీ మంచి అంకె రాగానే నాకు నోరు దురద పుడుతుంది. కానీ స్టాఫ్‌రూముకి పోయే ముందు అయస్కాంతాన్ని పక్కకి తిప్పి చూస్తాను.